సమానమంటే సమానమే

చదరంగంలో జట్టుతో జట్టు ఆడి చెరి రెండు పాయింట్లతో నిలిస్తే, ఆ ఫలితం సమానం. ఆట అయిపోయాక దానికింకో ఫలితం పుట్టించే హక్కు ఏ నిర్వాహకుడికీ లేదు. ఈ మాట నేను హోసూరు కల్యాణమంటపాల్లో మైకు పట్టుకున్నవాళ్లతో అన్నాను, పిల్లల్ని పోటీలకు తీసుకొచ్చే తల్లిదండ్రులతో అన్నాను, డెంకణికోట బస్టాండులో ఆటగాళ్లతో అన్నాను. "ఇప్పుడు కాలం అట్లా లేదు పెద్దాయనా" అంటారు. కాలం మారింది, నాకూ తెలుసు. మారినదంతా మంచికే మారిందని ఎవరు చెప్పారు?

మా రోజుల్లో డెంకణికోట ధర్మపురి జిల్లాలో ఉండేది. క్రిష్ణగిరి విడి జిల్లా అయింది 2004లో. అంతకు ముందు జిల్లా పోటీ అంటే తెల్లవారకముందే లేచి, సద్ది మూటగట్టుకుని, ఎముకలు కొరికే చలిలో బస్సుకు నిలబడాల్సిందే. ఊళ్లో చదరంగం నిజంగా తెలిసినవాళ్లు తక్కువ. తాలూకా ఆఫీసు గుమస్తా ఒకాయన, పట్టుగూళ్ల వ్యాపారి ఒకాయన, బడి అయివారు ఒకరు, చదువు ముగిసి ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న నేను. ఒకరిది తెలుగు, ఒకరిది కన్నడం, ఒకరిది అరవం. బోర్డు ముందు కూర్చున్నాక ఆ తేడాలేమీ అడ్డం రాలేదు.

1980 ప్రాంతంలో హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్ ఫ్యాక్టరీలు మొదలయ్యాక మద్రాసు కుర్రవాళ్లు ఉద్యోగాలకు దిగారు. మద్రాసులో అప్పటికే చదరంగానికి మంచి పునాది పడింది. దేశానికి మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ మాన్యుయెల్ ఆరన్ ఉన్న ఊరది. సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో సోవియట్ మేటి ఆటగాడు తాల్ పేరుతో 1972లోనే క్లబ్బు పెట్టారు. ఆ గాలి సోకినవాళ్లు వచ్చి మాతో ఆడితేనే, మేము అప్పటిదాకా ఆడింది సగం చదరంగమని తెలిసింది. వాళ్ల జట్టుకూ మా జట్టుకూ ఆదివారాల్లో పోటీ. ఒకసారి వాళ్లు మా ఊరికి, ఒకసారి మేము హోసూరుకి. కెలమంగలం నుంచీ తళి నుంచీ ఆడేవాళ్లు దొరికితే వాళ్లూ కలిసేవాళ్లు.

నాలుగు బోర్డులు. చదరంగం గడియారం ఒక్కటే ఉండేది, అది మొదటి బోర్డుకు. మిగతా మూడు బోర్డులకు అయివారి చేతి గడియారమే దిక్కు. పొద్దున పదికి మొదలైతే కడపటి బస్సు దాకా ఆట. మధ్యలో ఎవరింట్లోనో సంగటి, అనపగింజల పులుసు. సాయంత్రానికి లెక్క చూస్తే ఒక్కోసారి రెండున్నర–ఒకటిన్నర, ఒక్కోసారి మూడు–ఒకటి, చాలాసార్లు రెండు–రెండు. రెండు–రెండు అయితే అయివారు చిట్టాపుస్తకంలో "సమానం" అని రాసి రెండు జట్ల పెద్దల చేత సంతకం పెట్టించేవారు. అంతటితో ముగిసినట్టు. ఎవరూ "అయితే గెలిచిందెవరు?" అని అడగలేదు. వీధిలో ఎదురైనవాళ్లు అడిగిన ప్రశ్న వేరు: "కాపాడిందెవరు?" ఓడిపోయే ఆటను పట్టుకుని నిలిపినవాడెవడు అని. ఆ పేరు ఊళ్లో నాలుగు రోజులు వినబడేది.

ఆట ముగియకుండానే బస్సు వేళయిన రోజులూ ఉన్నాయి. అప్పుడేం చేసేవాళ్లమో ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. ఎత్తు వెయ్యాల్సిన ఆటగాడు తన ఎత్తును బోర్డు మీద వెయ్యకుండా కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఇస్తాడు. పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో అయివారు ఇంకో కాగితం మీద గీసుకుంటారు. ఆ కవరు మీద ఇద్దరూ సంతకం చేస్తే, ఆయన దాన్ని తన పంచాంగంలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. తరువాతి ఆదివారం మళ్లీ అదే స్థితిలో పావులు పేర్చి, కవరు చింపి, ఆ ఎత్తు వేసి, అక్కడినుంచి సాగించడం. దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్లలోనూ అప్పుడు ఇదే పద్ధతి. వారం రోజులు ఆ స్థితిని తలలో మోసుకుని తిరిగేవాళ్లం. ఒక్క అర పాయింటు కోసం. ఆ అర పాయింటు జట్టుది కాబట్టి.

ఇప్పుడు? పోటీ ఒక్కరోజులో ముగియాలి. మంటపం అద్దెకు తీసుకున్నారు, సాయంత్రం ఆరుకు ఖాళీ చెయ్యాలి, ముఖ్య అతిథి అయిదుకే వచ్చి కూర్చుంటాడు. ఫోటోలో ఒక జట్టు చేతిలో కప్పు ఉండాలి. అందుకని సమానం అన్న మాటే వాళ్లకు గిట్టదు. గోడకు అంటించిన కాగితం మీద సమానంగా ఉన్నవాళ్లను విడదీసే టైబ్రేక్ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గళ్లు. తల్లిదండ్రులు ఆ కాగితాన్ని ఫోన్లతో ఫోటోలు తీసుకుని పెద్దది చేసి చూస్తారు. మా పిల్లవాడు ఏడు పాయింట్లు తెచ్చాడు, ఏడు తెచ్చిన ఇంకొకడు మూడో స్థానం, మావాడు తొమ్మిదో స్థానం, ఎందుకప్పా అని ఒకరినొకరు అడుగుతారు. జవాబు చెప్పగలవాడు ఆ మంటపంలో ఒక్కడుంటాడు, వాడు కంప్యూటరు ముందు నుంచి లేవడు.

పోయిన వేసవి సెలవుల్లో బడుల జట్ల నాకౌట్ పోటీ చూశాను. అందులో మా మనవరాలు నాలుగో బోర్డు. జట్టులో అందరికంటే చిన్నది, అందుకే నాలుగో బోర్డు. మొదటి బోర్డులో మా పిల్లవాడు ఓడాడు. రెండో బోర్డు డ్రా. మూడో బోర్డులో మావాడు గెలిచాడు. అంటే ఒకటిన్నర–ఒకటిన్నర. అందరూ వచ్చి నాలుగో బోర్డు చుట్టూ నిలబడ్డారు. ఎదుటి పిల్లవాడికి ఏనుగు, ఒక బంటు ఉన్నాయి. దీనికి ఏనుగు ఒక్కటే. తెలియనివాళ్లు చూస్తే ఓడిపోయిందనే అంటారు. అది మాత్రం రాజును బంటు దారిలో ఎదురుగా నిలిపింది, ఏనుగును తన వైపు నుంచి మూడో వరసలో అడ్డం పెట్టింది. ఎదుటి రాజు ఆ వరస దాటి రాలేడు. ఏనుగు ఆ వరసలోనే అటూ ఇటూ, అటూ ఇటూ. విసుగెత్తి వాడు బంటును ముందుకు తోశాడు. తోసిన మరుక్షణం ఇది ఏనుగును తీసుకెళ్లి బోర్డు అవతలి కొసన పెట్టి, వెనక నుంచి చెక్ మీద చెక్ ఇచ్చింది. బంటు ముందుకు వచ్చేసింది కాబట్టి ఆ రాజుకు దాక్కునే చోటు లేదు. ఇది 18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు ఫిలిడార్ చూపించిన పద్ధతి. మా పిల్లకు నేనే నేర్పాను. నేర్పడం వేరు, గడియారంలో నిమిషం కూడా లేనప్పుడు చెయ్యి వణక్కుండా ఆడటం వేరు. ఎదుటివాడు చెయ్యి చాపి డ్రా అన్నాడు. రెండు–రెండు.

మా పిల్లలు ఎగిరి గంతేశారు. అప్పుడు నిర్వాహకుడు వచ్చి "బోర్డు కౌంట్ ప్రకారం అవతలి జట్టు గెలిచింది" అన్నాడు.

బోర్డు కౌంట్ అంటే ఏమిటో చెప్పాలి. గెలిచిన బోర్డుల నంబర్లు కూడుతారు, డ్రా అయిన బోర్డు నంబరులో సగం వేస్తారు, ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. అవతలి జట్టుకు మొదటి బోర్డు గెలుపుకు ఒకటి, రెండో బోర్డు డ్రాకు ఒకటి, నాలుగో బోర్డు డ్రాకు రెండు, మొత్తం నాలుగు. మాకు మూడో బోర్డు గెలుపుకు మూడు, డ్రాలకు ఒకటీ రెండూ, మొత్తం ఆరు. నాలుగు కంటే ఆరు ఎక్కువ కాబట్టి మేము ఇంటికి. పెద్ద బోర్డులో గెలుపు గట్టిది, చిన్న బోర్డులో గెలుపు లోకువ అని ఈ లెక్క చెప్తుంది. ఇది జర్మనీలో కప్పు పోటీలకు వాడే పాత లెక్కలాంటిదే, మన నిర్వాహకులు కనిపెట్టింది కాదు. పాతదైనంత మాత్రాన న్యాయం అయిపోదు.

"నేను ఓడిపోలేదు కదా తాతా?" అంది మనవరాలు బస్సులో. ఓడిపోలేదు పాపా, ఎవరూ ఓడిపోలేదు అన్నాను. మరి ఇంటికెందుకు పోతున్నామంది. ఏం చెప్పను?

జట్టు ఆటకు ప్రాణం నాలుగో బోర్డులో ఉంటుంది. మొదటి బోర్డులో మంచి ఆటగాడు ఎట్లాగూ ఉంటాడు, వాడికి పేరూ ఉంటుంది. నాలుగోవాడి అర పాయింటుకూ మొదటివాడి అర పాయింటుకూ ఒకటే విలువ అన్నందుకే అది జట్టు. ఆ విలువ మార్చిన గంటకే అది నలుగురు విడివిడి మనుషులు ఒకే రంగు చొక్కాలు వేసుకోవడం అవుతుంది.

ఇదేదో మా ఊరి పిల్లల పోటీల గొడవ అనుకోవద్దు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన మహిళల జట్టు బంగారం తెచ్చింది గుర్తుందా? గుంటూరు పిల్ల హారిక ఆ జట్టులో ఉంది. ఎనిమిదో రౌండులో పోలెండ్ చేతిలో ఓడారు. తొమ్మిదో రౌండు అమెరికాతో. పై బోర్డులో వైశాలి ఓడింది. కింది బోర్డులో వంతికా అగ్రవాల్ గెలిచి రెండు–రెండు చేసింది. గెలిస్తే రెండు మ్యాచ్ పాయింట్లు, సమానం కాబట్టి చెరొకటి. చివర్లో మన మొత్తం 19, కజకిస్తాన్ 18. ఆ ఒక్క పాయింటు తేడా ఎక్కడిది? సమానాన్ని సమానంగా లెక్కపెట్టడం వల్ల వచ్చింది. ఆ రోజు బోర్డు కౌంట్ లెక్క పెట్టి ఉంటే పై బోర్డు గెలుపు అమెరికాది కాబట్టి మన పిల్లలు సున్నాతో లేచేవాళ్లు. 19 కాస్తా 18 అయ్యేది. వంతిక పడిన కష్టం గోడ మీద కాగితంలో ఎక్కడో కలిసిపోయేది.

మగవాళ్ల జట్టు అక్కడ పదకొండు రౌండ్లలో పది గెలిచి, ఒక్క ఉజ్బెకిస్తాన్‌తో రెండు–రెండు చేసి, 22కు 21 తెచ్చుకుంది. వరంగల్లు అర్జున్ మూడో బోర్డులో పదకొండు ఆటలకు పది పాయింట్లు కొట్టి విడిగా బంగారం తెచ్చాడు. ఆ ఒక్క సమానం వాళ్ల ఘనతకు మచ్చ అని ఎవరైనా అనగలరా?

మామల్లపురం సంగతి ఇంకా దగ్గరిది. 2022లో ఒలింపియాడ్ మన తమిళనాట జరిగింది. రష్యాలో జరగాల్సింది, యుద్ధం వల్ల ఇటు వచ్చింది. మద్రాసులో నేపియర్ వంతెనకు చదరంగం గళ్లు వేశారు, పంచె కట్టిన గుర్రం బొమ్మకు తంబి అని పేరు పెట్టారు. అందులో మన రెండో జట్టు కుర్రజట్టు. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్లవాడు గుకేష్‌ది మొదటి బోర్డు, పదహారేళ్లు. మొదటి ఎనిమిది ఆటలూ వరసగా గెలిచాడు. పదో రౌండులో ఉజ్బెకిస్తాన్‌తో. అబ్దుసత్తరోవ్ మీద గెలుపు చేతికందే స్థితి, గడియారం తరుముతుంటే ఒక్క తప్పెత్తుతో జారిపోయింది. ఇంకో బోర్డులో మన ప్రజ్ఞానంద గెలిచి మ్యాచ్‌ను రెండు–రెండు దగ్గర నిలబెట్టాడు. ఉజ్బెకిస్తాన్ చివరికి బంగారం ఎత్తుకుపోయింది, మనవాళ్లకు కంచు. బాధ ఉండదా? నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. అయినా ఆ రెండు–రెండు అక్కడే నిలిచింది. గుకేష్‌ను మళ్లీ కూర్చోబెట్టి అయిదు నిమిషాల ఆట ఆడమని ఎవరూ అనలేదు. ఓడినవాడి ఓటమీ, గెలిచినవాడి గెలుపూ రెండూ ఎట్లా ఉన్నవి అట్లాగే మిగిలాయి. రెండేళ్లకు ఆ పిల్లవాడే ప్రపంచ విజేత అయ్యాడు.

ఒలింపియాడ్‌లో 2006 దాకా బోర్డు పాయింట్లే కూడేవాళ్లు. 2008లో డ్రెస్డెన్ నుంచి మ్యాచ్ గెలిస్తే రెండు, సమానమైతే ఒకటి అని మార్చారు. పాతదే మేలని నేను ఇప్పటికీ అంటాను, ఎందుకంటే అందులో ప్రతి అర పాయింటూ కడదాకా బతికి ఉంటుంది. కొత్త పద్ధతిలోనూ సమానానికి గౌరవం ఉంది, కాబట్టి దానితో నాకు పెద్ద తగాదా లేదు. తగాదా అంతా చివర్లో సమానంగా వచ్చిన జట్లను విడదీసే లెక్కతో. ఎదుటి జట్టు పోటీ మొత్తంలో తెచ్చుకున్న పాయింట్లను మనం ఆ జట్టు మీద తెచ్చుకున్న పాయింట్లతో గుణించి, కూడి, అందరికంటే తక్కువ తెచ్చుకున్న జట్టును వదిలేసి... మామల్లపురంలో ఉజ్బెకిస్తాన్‌కూ అర్మేనియాకూ చెరి 19 పాయింట్లు. బంగారం ఎవరిదో ఈ గుణకారం చెప్పింది. అర్మేనియా పిల్లలు ఎవరి చేతిలో వెనకబడ్డట్టు? మూడో రౌండులో తాము ఓడించిన జట్టు పదకొండో రౌండులో ఇంకెవరితోనో ఎట్లా ఆడిందో, దాని చేతిలో.

ఇక ఆర్మగెడ్డన్. పేరే భయంకరం. తెల్లపావులకు మామూలుగా అయిదు నిమిషాలు, నల్లపావులకు నాలుగు. డ్రా అయితే నల్లపావులవాడు గెలిచినట్టు! డ్రాను గెలుపు అనడం కంటే అబద్ధం ఏముంది? 2020లో కరోనా వేళ ఇంటర్నెట్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో మనవాళ్లు సెమీఫైనల్లో పోలెండ్‌తో ఆడారు. ఆరు బోర్డులు. మొదటి మ్యాచ్ రెండు–నాలుగుతో ఓడారు, రెండోది నాలుగున్నర–ఒకటిన్నరతో గెలిచారు. మా లెక్కన కూడితే మనకు ఆరున్నర, వాళ్లకు అయిదున్నర. మనమే గెలిచాం, ఇంటికి పోవచ్చు. వాళ్ల లెక్కన ఒక్కో మ్యాచ్ గెలిచారు కాబట్టి సమానమట. పన్నెండు ఆటలు పక్కన పెట్టి కోనేరు హంపిని ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. ఆ తల్లి నల్లపావులతో మోనికా సోచ్కోను ఓడించింది. మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. హంపి గొప్పతనం మీద నాకు ఆవగింజంత సందేహం లేదు. ఓడి ఉంటే దేశం బరువు మొత్తం ఆమె ఒక్కదాని మీద పడేది కదా, ఇది ఎట్లాంటి జట్టు ఆట అన్నదే నా ప్రశ్న.

మరునాడు ఫైనల్ రష్యాతో. మొదటి మ్యాచ్ మూడు–మూడు, ఆరు ఆటలూ డ్రా. రెండో మ్యాచ్‌లో ఇంటర్నెట్ తెగి నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ గడియారంలో సమయం అయిపోయి ఓడినట్టయింది. మనవాళ్లు ఫిర్యాదు చేస్తే ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ ఇద్దరికీ బంగారం అన్నాడు. కొందరు పెదవి విరిచారు, పంచిన బంగారం బంగారమేనా అని. నేను మాత్రం ఎన్నో ఏళ్లకు ఒక సరైన తీర్పు విన్నాననుకున్నాను. తీగ తెగడం వల్ల కాకుండా, ఆరు డ్రాల కోసం ఇచ్చి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని.

డబ్బు ఎక్కువైతే ఏమవుతుందో 2023లో దుబాయిలో గ్లోబల్ చెస్ లీగ్ చూపించింది. అక్కడ తెల్లపావులతో గెలిస్తే మూడు పాయింట్లు, నల్లపావులతో గెలిస్తే నాలుగు, డ్రాకు ఒకటి. చదరంగంలో డ్రా అంటే సగం. దాన్ని పావు చేశారు, మూడో వంతు చేశారు. హంపీ హారికా ఇద్దరూ ఉన్న ముంబా మాస్టర్స్ ఫైనల్ దాకా వచ్చింది. రెండు మ్యాచ్‌లలో చెరొకటి, తరువాత వేగం ఆటలు, అవీ తేలక ఒక్కొక్కరిని పిలిచి ఒక్కొక్క ఆట. చివరికి ఒకే ఒక్క బోర్డు మీద ఎదుటి త్రివేణి జట్టులోని జోనాస్ బ్యెరె అనే కుర్రవాడు ముంబా ఆటగాడు సిందరోవ్‌ను ఓడిస్తే కప్పు త్రివేణికి పోయింది. ఆరుగురు రోజుల తరబడి ఆడిన ఆట అంతా ఆ ఒక్క బోర్డు మీదికి వచ్చి ఆగింది.

బెంగళూరులో ఉన్న మా మనవడు కంప్యూటర్ ఆటల పోటీలు చూస్తాడు. చదరంగం కూడా ఇప్పుడు ఆ సంతలో చేరింది. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్పులో చదరంగం పెట్టారు, మన అర్జున్ నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. అంత హడావుడిలో ఆడేది చదరంగం కాదని నేను వాడితో వాదించాను. వాడు మాత్రం వాలొరాంట్ అనే ఆట పోటీ చూపించాడు. అయిదుగురికి అయిదుగురు. పదమూడు రౌండ్లు ముందుగా గెలిచినవాళ్లది ఆట. పన్నెండు–పన్నెండు అయితే ఏం చేస్తారంటే, ఆ పదిమందీ అదే ఆటను, దాదాపు అవే నియమాలతో, రెండు రౌండ్ల తేడా వచ్చేదాకా సాగిస్తారు. ఒక్కణ్ని లాగి ముందు నిలబెట్టరు. ఆట రూపం మార్చరు. ఆ తుపాకుల ఆట నాకు ససేమిరా నచ్చదు, ఆ నియమం మాత్రం మా అయివారు చూసినా ఒప్పుకునేవారు. డోటా 2 అనే ఆటలో ది ఇంటర్నేషనల్ అనే పెద్ద పోటీ ఉందట. కొన్నేళ్లపాటు అందులో మొదటి దశలో ప్రతి రెండు జట్లూ రెండేసి ఆటలు ఆడి, ఒకటి–ఒకటి అయితే సమానమని రాసుకుని పోయేవట. ఇరవై ఏళ్ల పిలకాయలు కంప్యూటర్ల ముందు కూర్చుని ఒప్పుకున్నదాన్ని మన నిర్వాహకులు ఒప్పుకోలేరా?

క్రికెట్ తెలిసినవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. 1986 సెప్టెంబరులో చెపాక్‌లో ఆస్ట్రేలియా మీద 348 కావాల్సి ఉండగా మనవాళ్లు 347కు ఆలౌట్. మణిందర్ సింగ్ ఎల్బీడబ్ల్యు, ఇంకో కొసన శాస్త్రి నిలబడే ఉన్నాడు. డెంకణికోటలో రేడియో చుట్టూ మూగినవాళ్లం కాసేపు నోట మాట లేకుండా నిలబడ్డాం. టెస్టుల చరిత్రలో అది రెండో టై. ఆ మ్యాచ్‌కు విజేత లేడు కాబట్టే నేటికీ దాని గురించి మాట్లాడుకుంటున్నాం. 2019 ప్రపంచ కప్పు ఫైనల్లో చెరి 241, సూపర్ ఓవర్లో చెరి 15, అయినా బౌండరీలు లెక్కపెట్టి 26 కొట్టిన ఇంగ్లండుకు కప్పు ఇచ్చి, 17 కొట్టిన న్యూజిలాండ్‌ను పంపారు. మూడు నెలలకే ఆ నియమాన్ని వాళ్లే తీసేశారు. కబడ్డీలో మొన్నటిదాకా టై అయితే చెరి మూడు పాయింట్లు ఇచ్చేవాళ్లు. 2025 ప్రో కబడ్డీ నుంచి లీగు మ్యాచ్‌లకు కూడా అయిదేసి రెయిడ్ల తేల్చుడు పెట్టారు. టీవీ ముందు కూర్చున్నవాడు సమానాన్ని చూసి లేచిపోతాడని భయం.

నాకు ఎదురు చెప్పేవాళ్లు ఒక మాట అంటారు, దాన్ని నేను కొట్టిపారెయ్యను. డ్రాకు విలువ ఇస్తే రెండు జట్లు ముందే మాట్లాడుకుని పది ఎత్తుల్లో చేతులు కలిపి లేచిపోతాయి కదా అని. నిజమే, లేచిపోతాయి. మా రోజుల్లోనూ ఆ పని చెయ్యాలనుకున్నవాళ్లు ఉండేవాళ్లు. అయివారు వాళ్ల మొహం చూసి "కూర్చోండి, ఇంకా అన్నం వేళ కాలేదు" అనేవారు, కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆ మాట అనే పెద్దలు లేరు కాబట్టి నియమం కావాలి. డ్రెస్డెన్‌లో ముప్పై ఎత్తుల లోపు డ్రా అడగకూడదన్నారు. మంచి నియమం. దొంగ డ్రాను పట్టుకోవడానికి అది చాలు. దొంగ డ్రా ఉందని నిజమైన డ్రాను చంపితే ఎట్లా? మా మనవరాలి ఏనుగు మూడో వరసలో అటూ ఇటూ తిరిగింది మాట్లాడుకుని కాదు.

నాకౌట్ అన్నప్పుడు ఎవరో ఒకరు ముందుకు పోవాలి కదా, ఏం చెయ్యాలి అంటారు. ముందు, పిల్లల జట్లకు నాకౌట్ పెట్టడమే తప్పు. పొద్దున బస్సెక్కి వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పోకూడదు. పెట్టి తీరాలంటే, రెండు–రెండు అయిన జట్లు నలుగురూ మళ్లీ కూర్చోవాలి, రంగులు మార్చుకుని, పావుగంట గడియారంతో. అదీ రెండు–రెండు అయితే చీటీ వెయ్యండి. ఔను, చీటీ. నవ్వుతారని తెలుసు. 1983లో ప్రపంచ టైటిల్ పోటీదారుల మ్యాచ్‌లో స్మిస్లోవ్, హ్యూబ్నర్ ఏడు–ఏడు దగ్గర నిలిచిపోతే ఆస్ట్రియాలోని వెల్డెన్ ఊళ్లో రౌలెట్ చక్రం తిప్పి స్మిస్లోవ్‌ను ముందుకు పంపారు. లోకం నవ్వింది. నేను నవ్వలేదు. ఆ చక్రం హ్యూబ్నర్‌ను "నువ్వు తక్కువవాడివి" అనలేదు. అదృష్టం అటు పోయింది అంది, అంతే. ఆర్మగెడ్డనూ బోర్డు కౌంటూ కూడా సగం అదృష్టమే, కాకపోతే పైకి ప్రతిభ అని చెప్పుకుంటాయి. చీటీ ఆ అబద్ధం చెప్పదు.

లీగు పద్ధతిలో అయితే చిక్కే లేదు. సమానానికి చెరొక పాయింటు. చివర్లో రెండు జట్లు ఒకేచోట ఉంటే వాళ్లిద్దరూ తలపడిన మ్యాచ్ చూడండి. అది కూడా సమానమైతే అన్ని బోర్డుల పాయింట్లూ కూడండి, అందులో నాలుగో బోర్డు పిల్ల అర పాయింటు కూడా ఉంటుంది. ఇంకా సమానమైతే ఇద్దరూ సమానమే. నగదు బహుమతి రెండుగా పంచడానికి కష్టమేముంది? కప్పు ఒకటే కాబట్టి ఆరు నెలలు ఒక బడిలో, ఆరు నెలలు ఇంకో బడిలో. మేము హోసూరు జట్టుతో ఒక కప్పును అట్లాగే పంచుకున్నాం. ఆరు నెలల తరువాత కప్పు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఊరికే పోరు, కూర్చుని ఇంకో ఆట ఆడి పోతారు.

ఈ వేసవిలో డెంకణికోటలో మేము కొందరు పెద్దలం కలిసి బడుల జట్లకు లీగు పెడుతున్నాం. నాలుగు బోర్డులు, ఒక్కొక్కరికీ గంట సమయం, రెండు ఆదివారాలు. ముప్పై ఎత్తుల లోపు డ్రా లేదు. రెండు–రెండు అయితే చిట్టాపుస్తకంలో సమానమనే రాస్తాం, రెండు జట్ల చేతా సంతకం పెట్టిస్తాం. బోర్డు కౌంట్ ఉండదు, ఆర్మగెడ్డన్ ఉండదు. దీనికి ఒప్పుకునే జట్లే పేర్లు ఇవ్వాలి. గడియారాలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోండి.